బ్లేడు ఆగిందో లేదో

వర్క్‌షాపు,
జూన్ 11, బుధవారం

బావమరిదీ,

నిన్న ఉదయం పదకొండుంబావుకి రంపం మిషన్ మీద నుంచి మూడడుగుల చెక్క వెనక్కి ఎగిరింది. నాకు జానెడు దూరంలోంచి పోయి వెనకనున్న ప్లైవుడ్ పలకలో దిగబడింది. పలక మందం పన్నెండు మిల్లీమీటర్లు. చెక్క కొస అవతలి వైపుకి రెండంగుళాలు పొడుచుకొచ్చింది. నాకేమీ కాలేదు.

ఈ సంగతి మీ అక్కకి తెలియదు, తెలియకూడదు. అందుకే ఫోన్ కాకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఆవిడ పక్కనే ఉంటుంది, మెసేజి పెడితే నీ జవాబు నాకంటే ముందు ఆవిడే చదువుతుంది. నువ్వు కూడా ఇంటికి రాయకు, వర్క్‌షాపుకి రాయి.

మిషన్‌కి పంతొమ్మిదేళ్లు నిండాయి. బ్లేడు వెనక నిలువుగా ఒక రేకు ఉండేది, నీకు గుర్తుందో లేదో. కోసిన రెండు ముక్కలూ మళ్లీ దగ్గరికి నొక్కుకుని బ్లేడుని బిగపట్టకుండా ఆపేది అదే. అది విరిగి మూడేళ్లయింది. ఈ మోడల్‌కి విడిభాగాలు రావడం లేదు. కొత్త మిషన్ కొనాల్సిందే. చెక్క నునుపు చేసే కొత్త చిత్రిక మిషన్, పొట్టు లాగే గొట్టం కూడా కలిపి ఇస్తానని మిషన్ల షాపాయన అంటున్నాడు.

మీ అక్కేమో కంప్యూటర్ అంటోంది. వంటింటి అల్మరాలు చేయించే కాంట్రాక్టరొకడు వచ్చి ఆవిడ చెవిలో ఊదిపోయాడు. 'మీరు కంప్యూటర్‌లో గీసి పంపండమ్మా, పలకలు ఫ్యాక్టరీలో కోసి, అంచులు అతికించి పంపిస్తారు, మీ ఆయన వెళ్లి బిగిస్తే సరిపోతుంది' అన్నాడట. అప్పట్నుంచీ అదే జపం. ఎవడో కోసిన ముక్కలు బిగించడానికి వడ్రంగి ఎందుకురా, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చినవాడు చాలడూ?

మేమిద్దరం ఆరేళ్లుగా దాచింది ఏదో ఒకదానికే వస్తుంది.

నువ్వు చేయాల్సింది చిన్న పని. కంప్యూటర్ మీద బిల్డింగులు గీసి బతుకుతున్నవాడివి, నీ మాట మీ అక్క వింటుంది. 'ఈ వయసులో బావకి అది ఎక్కదు, కొన్నా మూల పడేస్తాడు' అని ఆవిడకి చెప్పు. అబద్ధం కూడా కాదు కదా.

మీ అక్క స్కూలాఫీసులో కొత్త అడ్మిషన్ల హడావుడి. రోజూ గంట ఆలస్యంగా వస్తోంది. ఆవిడ వచ్చేలోపు ఇది పోస్టులో వెయ్యాలి.

బావ

*

ఆఫీసు, మూడో అంతస్తు,
జూన్ 17

బావా,

నీ కవరు ఆఫీసుకి రావడంతో మా సెక్షన్ మొత్తం నా కుర్చీ చుట్టూ మూగింది. చేత్తో అడ్రసు రాసిన కవరు చూసి వాళ్లకి ఎన్నాళ్లయిందో. 'పెళ్లి సంబంధమా?' అంది మా టైపిస్టావిడ. 'మా బావ' అన్నాను. 'అయితే గొడవే' అని వెళ్లిపోయింది.

నవ్వుతూనే విప్పాను. మొదటి నాలుగు వాక్యాలు చదివి, లేచి వెళ్లి మెట్ల మీద కూర్చుని మిగతాది చదివాను.

కొన్ని అర్థం కాలేదు, అడుగుతున్నాను. నేను మూడు వేసవి సెలవులు నీ దగ్గర పని చేశాను. మొదటి రోజే నువ్వు నేల మీద సుద్దతో గీత గీసి, 'ఈ గీతకి ఎడం పక్కన నిలబడాలి, బ్లేడుకి ఎదురుగా కనిపించావంటే కాళ్లు విరగ్గొడతా' అన్నావు. ఆ గీత పక్కన నిలబడ్డవాడికి వెనక్కి ఎగిరిన చెక్క కనీసం రెండడుగుల దూరంలోంచి పోవాలి. నీకు జానెడు దూరంలోంచి ఎలా పోయింది? నువ్వు ఎక్కడ నిలబడ్డావు?

ఇంకోటి. చెక్క బిగుసుకునే ముందు రంపం మోత మారుతుందని నేర్పింది నువ్వే. సన్నగా కూస్తున్నది ఉన్నట్టుండి బొంగురుపోతుంది, అది వినగానే తోయడం ఆపాలి. పాటకీ మాటకీ తేడా తెలియని నాకే వారంలో పట్టుబడింది. ముప్పై ఏళ్లుగా వింటున్న నీకు ఆ బొంగురు ఎలా తప్పిపోయింది? చెక్క పచ్చిదా? పక్కన ఇంకేదైనా మోత ఉందా?

అక్కకి నువ్వు చెప్పమన్నట్టు చెప్పలేను. నీకు రాదని నేననుకోను. నువ్వు అట్టముక్క మీద పెన్సిలుతో గీసే గీత మా ఇంజనీరు గీతకంటే శుభ్రంగా ఉంటుంది. పైగా మా ఆఫీసులో మౌస్ పట్టుకుని ఇంతవరకు ఎవరూ వేళ్లు పోగొట్టుకోలేదు. మెడలు పోగొట్టుకున్నారు, అది వేరే సంగతి.

చెక్క ఎగిరిన సంగతి మాత్రం అక్కకి చెప్పను. మాటిస్తున్నాను. నచ్చి ఇవ్వడం లేదు, నువ్వు అడిగావు కాబట్టి ఇస్తున్నాను. ఆ రేకు లేకుండా మిషన్ నడపకు. ఏ ఇనుప పనివాడి దగ్గరైనా చేయించుకో. అందాకా ముట్టుకోకు.

బావమరిది

*

వర్క్‌షాపు,
జూలై 2

బావమరిదీ,

సలహా అడిగితే పోలీసు విచారణ మొదలుపెట్టావు. సరే, జవాబులు రాసుకో.

చెక్క ఎండినదే. పక్కన పాత చిత్రిక మిషన్ నడుస్తోంది, ఆ మోతలో ఈ మోత కలిసిపోయింది. నిలబడింది ఎప్పుడూ నిలబడే చోటే. నువ్వు మూడు వేసవులు పొట్టు ఊడ్చి మేస్త్రివైపోయావు గానీ, నేను రంపం దగ్గర నిలబడటం మొదలుపెట్టినప్పుడు నీకు పాలపళ్లు.

రేకు చేయించాను. బ్లేడుకంటే మందంగా వచ్చింది, పనికిరాలేదు. ముట్టుకోకు అన్నావు. పద్నాలుగు కిటికీ చట్రాలు ఒప్పుకుని ఉన్నాను. ముట్టుకోకపోతే అవి వాటంతటవి కోసుకోవు.

మీ అక్క కంప్యూటర్ మాట వదల్లేదు. అన్నం దగ్గర ఏదో అంటుంది, నేను తలూపుతాను, 'అయితే ఒప్పుకున్నట్టేగా' అంటుంది. ఎప్పుడు ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఈ మధ్య జనానికి ఏమైందో గానీ నోట్లో మాట నోట్లోనే ఉంటోంది. మీ అక్క గొణుగుతుంది. కాంట్రాక్టరు మీసాల్లోంచి మాట్లాడతాడు. మా పాలిష్ మేస్త్రి ఒకడు, నేను మామూలుగా మాట్లాడితే 'ఎందుకయ్యా అరుస్తావు, నీ పక్కనే చచ్చానుగా' అంటాడు.

నువ్వు చెప్పేదేమీ లేదని అర్థమైంది కనుక నేనే తేల్చేశాను. కొత్త మిషన్‌కి అడ్వాన్సు ఇచ్చాను. ఆగస్టు 21, గురువారం, మధ్యాహ్నం పన్నెండులోగా మిగతాది కట్టి తెచ్చుకోవాలి. ఆ గడువు దాటితే అడ్వాన్సు పోతుంది, మిషన్ వేరేవాళ్లకి వెళ్తుంది. ఈ సంగతి కూడా మీ అక్కకి తెలియదు.

ఒకటి రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను. ఆ రోజు తర్వాత స్విచ్ వేసే ముందు నా చెయ్యి ఆగుతోంది. కాసేపే. పదికి ఎనిమిది సార్లు ఆగుతోంది. ఇదివరకు ఎప్పుడూ లేదు. రాసేశాను, కొట్టేస్తే కాగితం పాడవుతుంది. ఉండనీ.

బావ

*

ఆఫీసు, మూడో అంతస్తు,
జూలై 21

బావా,

నిన్న ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నీకు ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు. మాట్లాడిన మాటలు వెంటనే రాసిపెట్టుకున్నాను. చదువు.

'బావా, ఏం చేస్తున్నావ్?'

'ఆఁ, బాగున్నాం, బాగున్నాం.'

'అక్క ఉందా?'

'ఇప్పుడే తిన్నాం.'

అప్పుడు కావాలనే అడిగాను. 'నీ రంపం మిషన్ కాలిపోయిందట కదా?'

'ఆఁ ఆఁ. సంతోషం.'

'బావా, నేనేమన్నానో వినపడిందా?'

'ఉంటాను మరి' అని పెట్టేశావు.

మొదట నవ్వొచ్చింది. గ్లాసుతో నీళ్లు తెచ్చుకుని తాగాను, అప్పటికి నవ్వు పోయింది. 'ఫోన్లో మీ అక్క వింటుంది' అని ఉత్తరం ఎందుకు మొదలుపెట్టావో అప్పుడు తెలిసింది. అక్క వింటుందని కాదు, నువ్వు వినలేవని.

చిత్రిక మిషన్ నడుస్తోందని రాశావు. ఎవరు నడుపుతున్నారు? షాపులో ఉండేది నువ్వూ పాలిష్ మేస్త్రీ. నువ్వు రంపం దగ్గరున్నావు, ఆయన పాలిష్ బ్రష్షు తప్ప ఏ మిషనూ ముట్టడు. చిత్రిక పట్టే ప్రశ్నే లేదు. ఆ ఉదయం షాపులో రంపం తప్ప ఇంకో మోత లేదు. ఉన్న ఒక్క మోతా నీకు వినపడలేదు.

నేను అనుకున్నది తప్పైతే తిట్టు, సంతోషంగా పడతాను. ఎప్పట్నుంచి బావా?

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను. రోజూ పదకొండుంబావుకి గడియారం చూస్తున్నాను. ఆఫీసు ఫోన్ మోగితే, ఎత్తే మనిషి 'నీకే' అనకుండా ఉంటే బాగుండు అనిపిస్తోంది. శుక్రవారం నిజంగానే 'నీకే' అన్నారు. సిమెంటు కంపెనీవాడు. వాడితో ఏం మాట్లాడానో గుర్తులేదు. అక్కకి చెప్పనని మాటిచ్చాను గానీ, చెప్పకుండా ఎన్నాళ్లుండగలనో తెలియడం లేదు.

వంకలొద్దు. జవాబు రాయి.

బావమరిది

*

వర్క్‌షాపు,
జూలై 30

బావమరిదీ,

రెండేళ్లయింది.

మొదట డోర్‌బెల్ పోయింది. బెల్ పాడైందనుకుని కొత్తది బిగించాను. అదీ మోగలేదు. షాపుకెళ్లి వాడితో తగువు పెట్టుకున్నాను. వాడు నా ఎదురుగా నొక్కి చూపించి 'మోగుతోందిగా' అన్నాడు. అక్కడున్న నలుగురూ తలూపారు. నేనూ తలూపి తెచ్చేసుకున్నాను. తర్వాత ఫోన్ మోత, తర్వాత మాటల్లో సగం. రంపంలో సన్నటి కూత మొత్తం పోయింది. అడుగునుండే గరగర మాత్రం మిగిలింది. బొంగురుపోతే తెలియదు.

అయినా పని ఆపలేదు, వేరే దారి చూసుకున్నాను. మిషన్ బల్ల ముందు అంచుకి తుంటి ఆనించి నిలబడితే వణుకు ఒంట్లోకి వస్తుంది. చెక్క బిగుసుకునే ముందు ఆ వణుకు మారుతుంది. రెండు నెలల్లో పట్టుబడింది. చెవులు చేసే పని తుంటితో చేశాను. చిక్కేమిటంటే, నువ్వన్న సుద్దగీత పక్కన బల్ల రేకు పలచన, అక్కడ ఎప్పుడూ ఒకటే గిలగిల, తేడా తెలియదు. మోటారున్న చోటే తెలుస్తుంది. అది సరిగ్గా బ్లేడుకి ఎదురుగా ఉంది. నిన్ను కాళ్లు విరగ్గొడతానన్న చోటే రెండేళ్లుగా నేను నిలబడుతున్నాను.

జానెడు దూరం అని రాశాను, అది అబద్ధం. చెక్క నాకు తగిలింది. కుడి తుంటి పైన ఒరుసుకుంటూ పోయి పలకలో దిగింది. నాలుగంగుళాలు ఎడమ వైపుకి తగిలుంటే కడుపులో దిగేది. అరచెయ్యంత మేర నల్లబడింది. మెట్ల మీద జారానని మీ అక్కకి చెప్పాను. ఆవిడ ఏమీ అడక్కుండా మందు రాసింది.

ఇప్పుడు ఇంకొకటి రాయాలి. జూలై 25, శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర. రంపం స్విచ్ ఆపాను. ఆపాక కూడా మా బ్లేడు ఇరవై సెకన్లు తిరుగుతుంది. ఇదివరకు ఆ మోత సన్నగిల్లి ఆగిపోయేది విని అప్పుడు చెయ్యి పెట్టేవాణ్ణి. చూస్తే తెలియదురా, మా షాపు ట్యూబులైటు వెలుతురులో తిరుగుతున్న బ్లేడు ఆగిన బ్లేడులాగే ఉంటుంది. పక్కన పడ్డ ముక్క తీద్దామని చెయ్యి చాచాను. వేళ్ల మీద గాలి తగిలింది.

గాలి ఒక్కటే తగిలింది. చెయ్యి ఎప్పుడు వెనక్కి లాక్కున్నానో తెలియదు. చూసేసరికి చొక్కా గుండె దగ్గర పిడికిలితో పట్టుకుని ఉన్నాను. పాలిష్ మేస్త్రి పరిగెత్తుకొచ్చి ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో వినపడలేదు. బ్లేడు పూర్తిగా ఆగిందని ఆయన చేత మూడుసార్లు చెప్పించుకుని, పెదాలు చూసి, అప్పుడు టేపు పెట్టి కొలిచాను. ముక్కకీ బ్లేడు పళ్లకీ మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్లు. నా చూపుడు వేలి మందం పద్దెనిమిది.

ఆ మర్నాటి నుంచి మేస్త్రిని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెడుతున్నాను. బ్లేడు ఆగితే చెయ్యెత్తుతాడు. పాలిష్ పని ఆపుకుని నాకోసం కూర్చుంటున్నాడు. టీకి వెళ్తే నేను కూడా ఆపాలి. నిన్న ఆయన టీకి వెళ్లాడు, నేను ఆపలేదు.

అందుకే కొత్త మిషన్. దానికి బ్రేకు ఉంది, స్విచ్ ఆపితే మూడు సెకన్లలో బ్లేడు నిలబడుతుంది. షాపాయన చేసి చూపించాడు.

నువ్వు కంప్యూటర్ అంటావని తెలుసు. కంప్యూటర్ నాకు రాదనే భయం లేదు. అది వచ్చిన రోజు నుంచి నా పనంతా మాటలే. కాంట్రాక్టరుతో ఫోన్లో మాట్లాడాలి, ఇళ్లవాళ్లతో కొలతలు మాట్లాడాలి, ఫ్యాక్టరీవాడితో తగువు పెట్టుకోవాలి. వారంలో అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడైతే మిషన్ నడుస్తున్నంతసేపూ ఎవరికీ ఏమీ వినపడదు. వచ్చినవాళ్లంతా సైగలు చేస్తారు. నాకూ వాళ్లకీ తేడా ఉండదు. రోజులో నేను మామూలు మనిషిలా ఉండేది ఆ ఆరేడు గంటలే.

మీ అక్కకి చెవుల సంగతి తెలియదు. నాకిచ్చిన మిగతా మాటలన్నీ వెనక్కి తీసుకో, ఈ ఒక్కటీ నిలబెట్టు.

బావ

*

ఆఫీసు, మూడో అంతస్తు,
ఆగస్టు 8

బావా,

నీ ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది.

నేను కూడా నీ దగ్గర ఒకటి దాచాను. అక్కకి తెలుసు. మార్చి నుంచి తెలుసు. ఫోన్లో అప్పుడే కనిపెట్టినట్టు నీకు రాశాను గానీ, నాకూ అప్పట్నుంచే తెలుసు. మార్చిలో నాకు ఫోన్ చేసింది.

'మీ బావకి చెవులు పోతున్నాయిరా' అంది. 'నేను ఎదురుగా ఉంటే తలూపుతాడు. పక్క నుంచి మాట్లాడితే నవ్వుతాడు. నవ్వాడంటే వినపడలేదని లెక్క.'

'అడిగెయ్ అక్కా.'

'అడిగితే ఏమవుతుందో నాకు తెలియదా? నా ముందు రంపం ముట్టడు, నా వెనక ముడతాడు. ఆయనంతట ఆయనే చెప్పాలి. నువ్వు నోరు జారావంటే నీ సంగతి చెప్తా.'

కాంట్రాక్టరు వచ్చి అక్క చెవిలో ఊదలేదు. అక్కే ఆయన్ని వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చింది. స్కూల్లో అడ్మిషన్లు జూన్ పదిహేనుకే అయిపోయాయి. ఇప్పటికీ ఆ గంట ఎందుకు ఆలస్యం అవుతోందంటే, అందరూ వెళ్లాక ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని గీయడం నేర్చుకుంటోంది. పాఠాలు పంపేది నేను. ఆ కంప్యూటర్ మీద పెద్ద బొమ్మ తెరిస్తే ఆగి ఆగి నడుస్తుంది, పైగా అది స్కూలుది. అందుకే కొత్తది అడుగుతోంది. కంప్యూటర్ నీకు కాదు, తనకి. గీసేది తను, ఫోన్లో మాట్లాడేది తను. ఏది ఎక్కడ ఎంత ఉండాలో చెప్పేది నువ్వు.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసి ఇంకోటి అడిగింది. 'మెట్ల మీద జారిన మనిషికి తుంటిలో చెక్క పెచ్చు ఎలా దిగుతుందిరా? మందు రాస్తుంటే చేతికి తగిలింది. తీసి దాచాను.' నేను నవ్వాను, నాకూ వినపడనట్టే.

బ్రేకు గురించి. స్విచ్ ఆపాక బ్లేడుని ఆపుతుంది, బాగానే ఉంది. స్విచ్ వేసి ఉండగా ఎగిరే చెక్కని ఆపదు. నువ్వు కొత్త మిషన్ దగ్గర కూడా వణుకు ఎక్కడ తెలుస్తుందో వెతుక్కుని అక్కడే నిలబడతావు. నాకు తెలుసు, నీకూ తెలుసు.

మీరిద్దరూ నా చేత నోరు మూయించారు. ఇద్దరికీ మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. నేను నిలబెట్టుకుంటూ ఉండగానే నీ వేలికి నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది. నీ ఉత్తరంలో ఆ లెక్క చదివిన దగ్గర్నుంచి నా స్కేలు మీద నాలుగు మిల్లీమీటర్లు ఎంతుంటుందో రోజూ చూస్తున్నాను. ఇక నా వల్ల కాదు. ఆగస్టు 17, ఆదివారం దాటేలోగా నువ్వు అక్కకి చెప్పు. చెప్పకపోతే సోమవారం ఉదయం ఎనిమిదింటికి నేను చెబుతాను. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే.

మీ ఊరి ఆసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. 21, గురువారం, ఉదయం తొమ్మిదిన్నర. మిషన్ గడువు కూడా ఆ రోజే. వేరే రోజు ఖాళీ లేదన్నారు.

ఈ కవర్లో ఒక ప్రింటు పెడుతున్నాను. మీ వంటింటి అల్మరాలు, అక్క గీసింది. నీకు చూపించొద్దంది. అందులో తప్పులున్నాయో లేవో నాకు తెలియదు, నేను గోడలు గీసేవాణ్ణి.

బావమరిది

*

ఇల్లు,
ఆగస్టు 17, ఆదివారం

బావమరిదీ,

ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ అక్క బల్లకి అవతల కూర్చుని ఉంది. తలకిందులుగా చదువుతోంది కూడా.

నీ ఉత్తరం అందినప్పుడు నిన్ను తిట్టిన తిట్లు పాలిష్ మేస్త్రి విన్నాడు, ఆయన్నడుగు. నాలుగు రోజులు ఇంట్లో ఏమీ అనలేదు. ఆవిడ రోజూ ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం మాత్రం గమనించాను. గిన్నె కడుగుతున్నా వదిలేసి, చెయ్యి తుడుచుకుని, చుట్టూ తిరిగి నా ముందుకి వచ్చి మాట్లాడుతోంది. ఎన్నాళ్ల నుంచో అలాగే చేస్తోందట. నేను చూడలేదు.

ఆ ప్రింటు వర్క్‌షాపులో బల్ల సొరుగులో పెట్టాను. రోజుకి రెండుసార్లు తీసి చూస్తూనే ఉన్నాను. మూల అల్మరా తలుపు పూర్తిగా తెరుచుకోదురా. పక్క సొరుగు పిడికి కొట్టుకుంటుంది. మధ్యలో యాభై మిల్లీమీటర్ల పట్టీ ఒకటి వదలాలి. ఇదే ఇంకొకళ్ల వంటిల్లైతే ఫ్యాక్టరీవాడు ఆ బొమ్మ చూసి కోసి పంపేవాడు, ఇంటివాళ్లు రోజూ మనల్ని తిట్టుకుంటూ ఆ తలుపు తీసేవాళ్లు. శుక్రవారం ఆపుకోలేక ఎర్ర పెన్సిలుతో దిద్దాను. పొయ్యి పక్క అరకి లోతు చాలదని అది కూడా రాశాను. మిగతాది బాగుంది. చాలా బాగుంది. ఆవిడకి చెప్పకు, ఇప్పుడే చదివేసింది.

ఈ ఉదయం ఎనిమిదింటికి దిద్దిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ చూసింది. పక్కకి తిరిగి ఏదో అంది. నేను నవ్వాను.

అప్పుడు ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ కాగితం అంచు మీదే రాసింది: 'నవ్వకండి.'

ఆ తర్వాత ఇద్దరం రెండు గంటలు అలాగే రాసుకున్నాం. ఎదురెదురుగా కూర్చుని, ఒకళ్ల కాగితం ఒకళ్లకి తోసుకుంటూ. జూన్ పదో తారీఖు రాశాను. జూలై ఇరవై ఐదు రాశాను. మేస్త్రి టీకి వెళ్లిన రోజు రాశాను, అడ్వాన్సు రాశాను. ఆవిడ చదువుతూ ఒకచోట లేచి వెళ్లింది, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. 'ఇంకేమైనా ఉందా?' అని రాసింది. 'భయంగా ఉంది' అని రాశాను. 'నాకు మార్చి నుంచి' అని రాసింది.

చెక్క పెచ్చు తెచ్చి చూపించింది. అంగుళం పొడవుంది. అంత ఉందనుకోలేదు.

కంప్యూటరా, మిషనా అన్నది తేలలేదు. ఆవిడ అడ్వాన్సు వదిలేద్దామంటుంది, నాకు ప్రాణం ఒప్పడం లేదు. చెవిలో పెట్టే మిషన్ ఒకటి ఉంటుందట. దాంతో సన్నటి కూత తిరిగి వస్తుందా రాదా అన్నది డాక్టరు చెప్పాలి. వస్తుందంటే రెండు చెవులకీ అవే కొనాలంటుంది మీ అక్క, నేనింకా ఊఁ అనలేదు. అప్పుడు ఉన్నది అటు పోయి, రంపమూ రాదు, కంప్యూటరూ రాదు, స్కూలు కంప్యూటర్ మీదే ఇంకో ఏడాది నడపాలి. రాదంటే నేను మళ్లీ ఏ రంపం దగ్గరా నిలబడకూడదని రాసి నా చేత సంతకం పెట్టించుకుంది. పెట్టాను. పెడుతుంటే చెయ్యి ఆగింది, మిషన్ స్విచ్ దగ్గర ఆగినట్టే.

మిగిలిన ఐదు చట్రాలు పక్క వీధి వర్క్‌షాపుకి ఇచ్చాను, వాళ్లు కోస్తారు. మిషన్ స్విచ్ పెట్టె తాళంచెవి ఈ కవర్లో పెడుతున్నాను. నా దగ్గరుంటే రేపు పదింటికల్లా తెరుస్తాను. మీ అక్క దగ్గరుంటే అడుగుతాను, ఆవిడ ఇవ్వదు, గొడవవుతుంది. నీ దగ్గరుండనీ. నువ్వు బుధవారం వస్తున్నావని మీ అక్క చెప్పింది. వచ్చేటప్పుడు తాళంచెవి అక్కడే వదిలి రా.

రేపు ఉదయం పోస్టాఫీసు తెరవగానే ఇది అర్జెంటు పోస్టులో వేస్తాను. బుధవారం ఉదయానికి నీకు అందాలి. అదే రోజు సాయంత్రం ఐదింటి బస్సు ఎక్కు. గురువారం తొమ్మిదిన్నరకి పరీక్ష, నలభై నిమిషాలు పడుతుందట. గాజు గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటారు. వినపడకపోయినా ఎత్తుతానేమోనని మీ అక్క భయం, అందుకే గాజు అవతల నాకు ఎదురుగా నిలబడుతుంది. పదకొండింటికి డాక్టరు చెబుతాడు. అది నువ్వు విని నాకు రాసివ్వాలి, మీ అక్క తన చేత్తో రాయలేనంటోంది. మిషన్ల షాపు గడువు పన్నెండు. షాపు ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల.

బావ